యూదమతప్రవిష్టులు - వివాహాధికారము

పుట్టపర్తి వంటి ఊర నివసించువారికి ఈ విషయము మొదట వింతగా దోచును. చిత్రావతీతీరమున, ఏటేట వానకై ఎదురుచూచు ఈ అనంతపురపు మెట్టసీమలో, దేశదేశముల జనులు తమ తమ మతములను విడువకయే వచ్చి భజనలలో గూర్చుండుటయు, 1975లో నెలకొల్పిన సర్వధర్మస్తూపము నీడను నిలుచుటయు మనకు నిత్యదృశ్యములు. నీ తల్లి యెవరు, నీ వంశమేది, ఎవరి సమక్షమున ఏ వ్రతమును స్వీకరించితివి అని ఇచ్చట నెవరును అడుగరు. ఇందుకు భిన్నముగా ఒక మతము తన వాకిట ముగ్గురు ధర్మాధికారులను గూర్చుండబెట్టి, వచ్చినవానిని ప్రశ్నించి, నిరుత్సాహపరచి, తుదకు లోనికి చేర్చుకొనిన పిదప అతని వివాహమునకు గూడ కొన్ని నియమములను విధించుచున్నదని వినినంతనే, అది సంకుచితత్వమని తీర్పు చెప్పుటకు మనస్సు త్వరపడును. ఆ త్వర తగదు. యూదుల ధర్మశాస్త్రమును మూలగ్రంథములనుండి పరిశీలించినచో, అందలి కాఠిన్యమంతయు ద్వారమునొద్దనే నిలుచుననియు, లోనికి వచ్చినవానిని వెన్నాడదనియు, వెన్నాడునది శాస్త్రము పేరిట మనుష్యులు పెంచుకొనిన వంశాభిమానమేననియు నా నిశ్చయము. ప్రశ్న మనకు పరాయిదియు గాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలమున కొత్తరెడ్డిపాలెమను గ్రామములో తెలుగు మాటలాడు యూదులు, బెనె ఎఫ్రాయిము అను పేరుగలవారు, ఉన్నారు. ఈ శాస్త్రచర్చ యంతయు వారి బిడ్డల పెండ్లిండ్లకు సంబంధించినది.

పరదేశిని గూర్చి తోరాలోనే, అనగా మోషే ధర్మశాస్త్రములోనే, రెండు కంఠములు వినవచ్చును. మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశిని ప్రేమింపుడనునది యొకటి. అమ్మోనీయుడుగాని మోయాబీయుడుగాని పదియవ తరమువరకును సమాజమున చేరగూడదను ద్వితీయోపదేశకాండపు నిషేధము మరియొకటి. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దమున బబులోను చెరనుండి తిరిగివచ్చిన జనులచేత ఎజ్రా అన్యజాతి భార్యలను విడిపించెను. ఆ కథను చదివినప్పుడు మనస్సు కలతపడక మానదు. కాని అదే పవిత్రగ్రంథసంచయమున, మోయాబు స్త్రీయైన రూతు అత్త నయోమిని విడువక బేత్లెహేమునకు వచ్చి, బోయజును వివాహమాడి, దావీదు రాజునకు ముత్తవ్వ యైనదని చెప్పబడినది. నిషేధము పురుషునికే గాని స్త్రీకి గాదని ధర్మవేత్తలు నిర్ణయించి, రూతు వివాహమును నిర్దోషముగ నిలిపిరి. ఆ నిర్ణయము నిలువకున్న దావీదు సింహాసనమే నిలువదు.

పురుషుని సంగతియో? మిష్నా యను ప్రాచీన ధర్మసంగ్రహములో ఒక ఘట్టము కలదు. అమ్మోనీయుడైన యూదా అనువాడు మతమును స్వీకరించి, పండితసభకు వచ్చి, నేను సమాజమున చేరవచ్చునా, అనగా ఇశ్రాయేలు కన్యను పెండ్లాడవచ్చునా అని అడిగెను. సభాధ్యక్షుడైన రబ్బాన్ గమలియేలు కూడదనెను. రబ్బీ యెహోషువ కూడుననెను. శాస్త్రవాక్యము స్పష్టముగ నున్నది గదా యని గమలియేలు వాదింపగా, అమ్మోనీయులు మోయాబీయులు నేటికిని తమ తావులనే యున్నారా, అష్షూరు రాజైన సన్హెరీబు వచ్చి జాతులన్నిటిని కలగలిపి పోయెను గదా యని యెహోషువ బదులు చెప్పెను. వారి చెర తిరిగి వచ్చునని ప్రవక్త చెప్పలేదా యని యొకరనగా, ఇశ్రాయేలు చెరయు తిరిగి వచ్చునని చెప్పబడినది, వారింకను రాలేదే యని రెండవవారనిరి. సభ ఆ అమ్మోనీయుని చేర్చుకొనెను. శాసనములో ఒక్క అక్షరమును కొట్టివేయకయే, చరిత్ర వంశములను చెదరగొట్టినది గనుక వంశమునుబట్టి మనుష్యుని వెలివేయుటకు ఆధారము లేదని తేల్చిన ఆ సభ నాకు పూజ్యముగ దోచును.

చేర్చుకొను పద్ధతిని, మిష్నాకు వ్యాఖ్యయైన బబులోను తల్మూదు యెబామోతు గ్రంథమున వివరించినది. రాదలచినవాడు వచ్చిన వెంటనే ముగ్గురు న్యాయకర్తలు, ఈ జనము పీడితమై, తరుమబడి, దుఃఖమున నున్నదని యెరుగవా, ఏల వచ్చితివి అని అడుగవలెను. తెలిసియే వచ్చితిని, అందుకును నేనర్హుడను కానని యతడనినచో, ఇక ఆలస్యము పనికిరాదు. ఆజ్ఞలలో తేలికైనవి కొన్ని, కఠినమైనవి కొన్ని చెప్పవలెను. పొలములో రాలిన పరిగెను, మరచిన పనను, చేని మూలను పేదలకు విడువవలెనను విధిని ప్రత్యేకముగ చెప్పవలెను. మరీ ఎక్కువగ బెదరింపగూడదు. పిదప పురుషునికి సున్నతి, గాయము మానినంతట స్నానము. స్త్రీకి స్నానము మాత్రమే. ఆమెను స్త్రీలు మెడవరకు నీటిలో నిలుపుదురు. ధర్మాధికారులు వెలుపల నిలిచి ఆజ్ఞలను వినిపింతురు. ఆమె వాని నంగీకరించి తల మునుగవలెను. ఒంటిపై నగయు, కట్టిన కట్టును, ముడివేసిన కొప్పును ఉండరాదు. నీరు దేహమునంతటిని తాకవలెను.

ఆ నీటిని గూర్చిన విధి మా సీమవారికి సులభముగ తెలియును. చేదతో తోడి తొట్టిలో పోసిన నీరు చెల్లదు. ఊటనీరు గాని, తానుగా చేరి నిలిచిన వాననీరు గాని, నలువది సెయాల ప్రాచీన కొలతకు తక్కువ గాకుండ ఉండవలెను. వానకు పొంగి పారు ఏటిలో వాననీరు ఎక్కువై ఊటనీరు తక్కువగు సందేహముండుటచే, అట్టి ప్రవాహమున మునుగుటను గూర్చి పండితులు భిన్నాభిప్రాయులైరి. చిత్రావతి వరదగా వచ్చు నాలుగు దినములు శంకాస్పదములే. ఏరెండినపిదప ఇసుకను త్రవ్విన చెలమలో ఊరు నీరు, మనిషి మునుగునంతటి లోతున్నచో, లేదా ఊట గల దిగుడుబావి నీరు, శాస్త్రసమ్మతము. కరవుసీమలోగూడ ఈ ద్వారము మూసికొనదు.

ఉద్దేశము సంగతి ఇంతకంటె చిక్కైనది. ధనమునకో, పదవికో, భయముచేతనో, ఒక యూదయువకునిపైనో యువతిపైనో కన్ను వేసియో వచ్చినవారిని ముందుగ విచారించి కనిపెట్టవలెనని 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిదీసు వ్రాసెను. దావీదు, సొలొమోనుల కాలమున రాజ్యము వర్ధిల్లుచుండుటచే న్యాయసభలు ఎవరిని చేర్చుకొనలేదనియు చెప్పెను. అయినను, విచారింపకయే ముగ్గురి యెదుట సున్నతి స్నానములు జరిగిపోయినచో, పెండ్లికొరకే వచ్చెనని తరువాత తెలిసినను అతడు మతప్రవిష్టుడే. మరల పూర్వదైవములను కొలిచినను, తప్పిపోయిన యూదుడే యగును గాని అన్యుడు గాడు. అతడు చేసికొనిన వివాహము వివాహమే. ఇది ఆయన కల్పన గాదు, తల్మూదు తేల్చిన మాట. ఒక యన్యస్త్రీతో సంబంధము గలదని అనుమానింపబడినవాడు ఆమె మతము స్వీకరించిన పిదప ఆమెను పెండ్లాడరాదనియు, పెండ్లాడినచో విడదీయరాదనియు మిష్నా చెప్పుచున్నది. ఒక యువకుడు దాసిని ఇంట నుంచుకొనిన సందర్భమున, ఆమెను విడిపించి పెండ్లాడుటకే మైమోనిదీసు అనుమతించెను. ఎక్కువ పాపముకంటె తక్కువ పాపము మేలని ఆయన భావము. ముందు కాఠిన్యము, జరిగినపిదప దయ, ఇదియే ఈ శాస్త్రపు నడక.

మన దేశమున మతప్రవేశము జరిగిన తీరును దీని ప్రక్కన నుంచి చూడవలెను. 1876 మొదలు 1878 వరకు రాయలసీమను మాడ్చివేసిన ధాత కరవు ఒంగోలు ప్రాంతమును సైతము విడువలేదు. అచ్చటి అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున జనులకు పని కల్పించెను. కాని గంజికొరకు వచ్చినవారెవరో విశ్వాసముతో వచ్చినవారెవరో తేలదను సంకోచముచే, కరవు తీవ్రముగ నున్నంతకాలము బాప్తిస్మమిచ్చుట మానెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. వారిలో అత్యధికులు మాదిగలు. యూదన్యాయసభ ఏ నాడును ఇట్లు చేయజాలదు. ఒక్కొక్కరిని పేరుపేరున నిలిపి అడుగుట దాని విధి. కాని క్లౌ దొర సంకోచమును, మైమోనిదీసు విచారణయు ఒకే ప్రశ్నకు సమాధానములు: ఆకలిగొన్నవాని, ఆశపడినవాని అంగీకారమును ఎంతవరకు నమ్మవచ్చును? ఇద్దరును మొదట సందేహించిరి. ఇద్దరును తుదకు మనుష్యుని మాటను మన్నించిరి.

ఇక చేరినపిదప. మతప్రవిష్టుడు అప్పుడే పుట్టిన శిశువుతో సమానుడని తల్మూదు పలుమార్లు చెప్పినది. అతని పూర్వుల నడవడిని అతనికి జ్ఞప్తి చేసి నొప్పించుట నిషిద్ధము. ఒబద్యా అను మతప్రవిష్టుడు, ప్రార్థనలో మా పితరుల దేవా యని నేననవచ్చునా యని అడుగగా, అనవచ్చుననియు, అబ్రాహాము నీకును తండ్రియేననియు మైమోనిదీసు వ్రాసిన లేఖ యూదవాఙ్మయమున నతిపూజ్యమైనది. వివాహవిషయమున మిష్నా బబులోనునుండి వచ్చినవారిని పది వంశశ్రేణులుగా పేర్కొని, యాజకులు, లేవీయులు, ఇశ్రాయేలీయులు ఒండొరులతోను, లేవీయులు, ఇశ్రాయేలీయులు, మతప్రవిష్టులు, విముక్తదాసులు ఒండొరులతోను సంబంధము చేయవచ్చునని చెప్పినది. అనగా యాజకవంశపు కోహెను తప్ప ఏ యూదుడైనను మతము పుచ్చుకొనిన స్త్రీని పెండ్లాడవచ్చును. మతప్రవిష్టుడైన పురుషుడు కోహెను కుమార్తెను సైతము పెండ్లాడవచ్చును. నిషిద్ధసంబంధమున పుట్టిన మమ్జేరును సామాన్య యూదులు పెండ్లాడరాదు గాని, మతప్రవిష్టులకు ఆ నిషేధము లేదు. దంపతులిద్దరు కలిసి మతమున చేరినచో, బిడ్డ ముందు కలిగినదా తరువాత కలిగినదా యని తెలియుటకై మూడు నెలలు వేరుగ నుండవలెను. నిర్బంధములు ఇంతియే. కోహెను నిషేధము మాత్రము మతప్రవిష్ట స్త్రీకి నిజముగ బాధాకరము. దానిని నేను సమర్థింపలేను, కాని అది యాజకవంశమునకు విధించిన అనేక నిషేధములలో నొకటియనియు, కోహెనుకు విడువబడిన యూదస్త్రీయు నిషిద్ధయేననియు గుర్తింపవలెను.

శాస్త్రమింత సుముఖముగ నుండగా ఆచరణమున నేమి జరిగినది? 16వ శతాబ్దారంభమున కొచ్చినుండి ఒక ప్రశ్న కైరోలోని రబ్బీ దావీదు ఇబ్న్ జిమ్రాకు చేరెను. అచ్చటి యూదులలో కొందరు తమను కులీనులనుకొని, తక్కినవారు దాససంతతియని వారితో వివాహములు మానిరి. విధిపూర్వకముగ స్నానమును దాస్యవిముక్తియు జరిపినచో వారు ఇశ్రాయేలు సమాజమున పూర్ణసభ్యులనియు, వారితో వివాహము చెల్లుననియు ఆయన తీర్పిచ్చెను. తీర్పు కొచ్చికి వచ్చెను, కొచ్చి మారలేదు. 1568లో కట్టిన పరదేశి సినగోగులో విముక్తదాసుల సంతతివారికి పీటలపై కూర్చుండు హక్కు 20వ శతాబ్దమువరకు లేకపోయెను. ఆ సంతతివాడే యైన ఏబ్రహాము బరాక్ సేలం, 1882లో జన్మించిన న్యాయవాది, గాంధీమహాత్ముని మార్గమున ఆ ప్రార్థనామందిరముననే సత్యాగ్రహము చేసి కొంత సాధించెను. ఆయన కుమారుడు ఆ సినగోగునకు చెందిన తెల్లయూదుల కోడర్ కుటుంబపు కన్యను 1950లో పెండ్లాడవలసివచ్చినప్పుడు ఆ పెండ్లి కొచ్చిలో గాక బొంబాయిలో జరిగెను. నాలుగు శతాబ్దములకు పూర్వమే శాస్త్రము అనుమతించిన వివాహమది! మన దేశపు కులము, శాస్త్రమును చేతబట్టుకొని వచ్చిన జాతినిగూడ ఎట్లు లొంగదీసికొనునో చూపుటకు ఇంతకుమించిన నిదర్శనము నాకు తెలియదు.

మహారాష్ట్రపు బెనె ఇశ్రాయేలుల కథ వేరు. వారు యూదులు గారని ప్రధాన రబ్బీలు అనలేదు. పూర్వము విడాకులు శాస్త్రోక్తముగ జరిగెనో లేదోయను శంకచే ఇజ్రాయేలులోని ప్రధాన రబ్బీలు 1962లో వారి వంశమును విచారింపుడని ఆదేశించిరి. ఉద్యమము సాగి, 1964లో అచ్చటి పార్లమెంటు జోక్యము చేసికొన్న పిమ్మట, ఆ ఆదేశమునుండి వారి పేరు తొలగెను. ఇథియోపియా యూదులు దాను గోత్రీయులని అదే ఇబ్న్ జిమ్రా ఏనాడో వ్రాసిన మాటనాధారము చేసికొని రబ్బీ ఒవాదియా యోసేఫు 1973లో వారిని యూదులుగ గుర్తించెను. అయినను సందేహనివృత్తికై స్నానము చేయవలెనని వారిని కోరగా, 1985లో వారు యెరూషలేములో నిరసనకు దిగిరి. మణిపురు, మిజోరాముల బెనె మెనష్షెలను 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించి, అయినను పూర్ణమతస్వీకారము కావలెననెను. న్యాయసభవారు వచ్చి కొందరిని చేర్చుకొనిన పిదప భారతప్రభుత్వము అభ్యంతరము తెలుపగా ఆ కార్యము ఇచ్చట నిలిచిపోయెను.

ఇట్టి చరిత్ర వెనుకనుండగా కొత్తరెడ్డిపాలెపు ప్రశ్న వచ్చినది. క్రైస్తవబోధకుల కుటుంబమున పుట్టిన శ్మూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరుల నాయకత్వమున, మాదిగ కుటుంబములు కొన్ని తాము అష్షూరు చెరలో చెదరిన ఎఫ్రాయిము గోత్రీయులమని ప్రకటించి, 1991లో సినగోగును నెలకొల్పి, విశ్రాంతిదినమును, పండుగలను ఆచరించుచున్నవి. వీరినిగూర్చి యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అను మానవశాస్త్రజ్ఞులు 2013లో ఒక గ్రంథమే ప్రకటించిరి. ఇక శాస్త్రమేమనును? పది గోత్రములను గూర్చి తల్మూదే చర్చించినది. అన్యుడొకడు యూదకన్యకు ప్రదానము చేసినచో, అతడు పది గోత్రములవాడేమో, ప్రదానము చెల్లునేమో యని శంకింపవలెనని యొక యాచార్యుడు చెప్పగా, పూర్వులు వారిని పూర్తిగా అన్యులనుగా నిర్ణయించిరని మరియొకరు త్రోసివేసిరి. ఈ రెండవ మాట నిలిచినచో, ఎఫ్రాయిము వంశము నిజమే యైనను మతస్వీకారము తప్పదు. సన్హెరీబు జాతులను కలగలిపెనను మాట అమ్మోనీయుని లోనికి తెచ్చినది. అదే అష్షూరు చెర ఎఫ్రాయిమును వెలుపల నిలుపుచున్నది.

దీని భారము పెండ్లిండ్లపై పడును. బిడ్డ స్థితి తల్లినిబట్టి యని యూదశాస్త్రము. ఇంటిపేరు తండ్రినిబట్టి, కోడలు మెట్టినింటిది యని తెలుగువారి ఆచారము. కొలదిపాటి కుటుంబముల సమాజమునకు చుట్టరికములన్నియు క్రైస్తవగృహములలోనే యుండును. మేనమామ కూతురో, అక్క కూతురో అక్కడినుండియే రావలెను. మేనరికమునకు శాస్త్రము అడ్డురాదు, సరిగదా సోదరి కుమార్తెను పెండ్లాడుటను తల్మూదు ప్రశంసించినది. పెదతండ్రి పినతండ్రి బిడ్డల వివాహమును యూదశాస్త్రము అనుమతించును, మనవారు అన్నచెల్లెండ్రని మానుదురు. అనగా ఆచారమే శాస్త్రముకంటె కట్టుదిట్టము. కాని ఆ మేనకోడలు మతమున చేరక కోడలైనచో, ఆమె బిడ్డలు శాస్త్రదృష్టిలో యూదులు గారు. చేరినచో, పెండ్లికొరకు చేరినదను ఆక్షేపణ వచ్చును. ఆ యాక్షేపణకు మైమోనిదీసు ఏనాడో సమాధానము చెప్పియున్నాడు.

మన రాజ్యాంగవ్యవస్థయు వీరికి తేలిక గాదు. 1950నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు హిందువులకు, 1956నుండి సిక్కులకు, 1990నుండి బౌద్ధులకు మాత్రమే వర్తించును; యూదుడనని దాఖలు చేయించుకొనిన మాదిగ ఆ హక్కును కోల్పోవును. కావున లాభాపేక్షతో వచ్చిరనుట ఇక్కడ పొసగదు, ఆ దాఖలుతో వచ్చునది నష్టమే. ఇజ్రాయేలుకు వెళ్లు ఆశ కలదు గదా యందురేమో. 1970లో సవరింపబడిన పునరాగమనశాసనము యూదమాతకు పుట్టినవానిని, మతమున చేరినవానిని యూదుడనినది. 2021లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ఇజ్రాయేలులో జరిగిన సంస్కరణవాదుల మతప్రవేశములనుగూడ పౌరసత్వమునకు చాలునని తీర్చినది. అయినను వివాహములు సనాతన రబ్బీల చేతనే యున్నవి. పౌరుడై వివాహార్హుడు గానివారు అక్కడ నేటికిని ఉన్నారు. అమెరికాలోని సంస్కరణవాదులు 1983లో తండ్రి యూదుడైనను చాలునని తీర్మానించుటతో, ఒక శాఖవారు యూదుడనినవానిని మరియొక శాఖవారు కాదను స్థితి ఏర్పడినది. కొత్తరెడ్డిపాలెమువారు ఈ కలహమున ఒక పక్షమునాశ్రయించి తృప్తిపడుట మంచిది గాదు; అందరును ఒప్పుకొను మార్గమునే కోరవలెను.

అట్టి మార్గము శాస్త్రముననే కలదు. సందేహమున్న తావున, నిష్కర్షకై చేయు మతస్వీకారము. ఇదివరకే యూదులైనచో ఈ క్రియ వ్యర్థము, కానిచో దీనిచే యూదులగుదురు అను సంకల్పముతో జరుపునది. దీనిచే ఏండ్లతరబడి వారాచరించిన విశ్రాంతిదినములు అబద్ధములని వారొప్పుకొననక్కరలేదు. ఎఫ్రాయిము వంశము రుజువైనదని రబ్బీలొప్పుకొననక్కరలేదు. ఇథియోపియావారు దీనిని అవమానమనుకొనిరి, వారికి గుర్తింపు ముందే లభించినది గనుక ఆ కోపము న్యాయము. ఇక్కడ అట్టి గుర్తింపు లేదు. గుంపుగా గాక, మనిషి మనిషిని అడిగి, ఆజ్ఞలను స్వీకరించువారిని స్వీకరించి, వద్దనువారిని గౌరవముతో విడువవలెను. వారు మాదిగలని తెలిసి ఏ ధర్మాధికారియైనను ఒక్క క్షణము వెనుదీసినచో, అతడు ఇబ్న్ జిమ్రా తీర్పును గాక కొచ్చి పీటలను అనుసరించినవాడగును. ముగ్గురు న్యాయకర్తలు చేబ్రోలుకు రావలెను. అట్లు చేరినవారితో, వారి బిడ్డలతో, వియ్యమందుటకు కోహెను వంశపు పురుషులకు తప్ప ప్రపంచమున ఏ యూదకుటుంబమునకును శాస్త్రరీత్యా అభ్యంతరము లేదు.